ట్యాంకుకీ ఒక కిటికీ

పడవ మోటారు నడినీళ్ళలో ఆగిపోతే మనిషి చేసే మొదటి పని తాడు లాగడం. రెండో పని ఇంకా గట్టిగా లాగడం. మూడో పని పక్కనున్న పెళ్ళాన్నో మొగుణ్ణో విసుక్కోవడం. ఈ మూడూ అయ్యాక నాకు ఫోన్ వచ్చేది. హాఫెల్ నది ఒడ్డున, రాటెనో ఊరికి దగ్గర్లో ఉన్న ఒక పడవల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇదే.

మా తెలుగు క్రైస్తవ సంఘం నెలకి రెండు ఆదివారాలు వోల్ఫ్స్‌బర్గ్‌లో కూడుకుంటుంది. కార్ల ఫ్యాక్టరీ ఇంజనీర్లు, పాడర్‌బోర్న్ నుంచి రైలెక్కి వచ్చే విద్యార్థులు, మాలాంటి పాతకాపులు కొందరు. ఈమధ్య ఆస్‌బిల్డుంగ్‌కని, అంటే షెడ్డులోనో ఆసుపత్రిలోనో పనిచేస్తూ పని నేర్చుకునే చదువుకని, మన పిల్లలు కొంతమంది వస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు ఆరాధన అయ్యాక పులిహోర ప్లేట్లు పట్టుకుని నా పక్కన చేరి, "అంకుల్, మీ పని సంగతులు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్ల సంగతి రాద్దామంటే నాకు ఒక్కటీ రాలేదు. వీసా కాయితాల సంగతి మా ఆవిడే చూసుకుంది. కాబట్టి మిగిలిందే రాస్తున్నాను: పెట్రోలు, గొట్టం, గాలి.

నాది కాకినాడ. చేపల రేవులో డీజిల్ ఇంజన్ల దగ్గర పని నేర్చుకున్నాను. మా ఆవిడ సుగుణ నర్సు. ఆమెకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, ఆమె వెనకాల నేను వచ్చాను. "రెండు సూట్‌కేసులు, ఒక మొగుడు తెచ్చుకున్నాను. సూట్‌కేసులు ఎప్పుడో పోయాయి" అని ఇప్పటికీ అంటుంది. ప్రభువు కృప అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మూడో సామానుని ఆమె పారెయ్యకపోవడమే.

కారని చిల్లు

ఈ పనిలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్తాను. పెట్రోలు కారే చిల్లుని ఎవడైనా పట్టుకుంటాడు. కారని చిల్లుని పట్టుకున్నవాడే మెకానిక్.

కొబ్బరిబోండాంలో గొట్టం పెట్టి పీల్చినప్పుడు ఆ గొట్టానికి సన్నటి పగులుందనుకోండి. నీళ్ళు పగుల్లోంచి బయటికి కారవు. పైనించి గాలి లోపలికొస్తుంది, మీ నోట్లో గుడగుడమంటుంది, నీళ్ళు మాత్రం రావు. పడవ మోటారూ అంతే. పడవలో ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. అందులోంచి రబ్బరు గొట్టం ద్వారా మోటారు తన పెట్రోలు తనే పీల్చుకుంటుంది. ఆ దారిలో ఎక్కడ సందు దొరికినా గాలి దూరుతుంది. గొట్టం పొడిగానే ఉంటుంది, వాసన కూడా రాదు. మోటారు స్టార్టవుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, వేగం పెంచగానే దగ్గి ఆగిపోతుంది. "మోటారు లుఫ్ట్ లాగుతోంది" అంటారు ఇక్కడ. లుఫ్ట్ అంటే గాలి.

నేను చేరిన రెండో వేసవిలో, ఈల్ చేపలు పట్టే ఒక ముసలాయన తన మోటారు తెచ్చి దించాడు. పది నిమిషాలు నడిచి చచ్చిపోతోందట. నేను కార్బురేటర్ విప్పి కడిగాను. ప్లగ్గులు మార్చాను. పెట్రోలు పంపు లోపలి పొర మార్చాను. ప్రతిసారీ షెడ్డులో నీళ్ళ పీపాకి బిగించి నడిపితే గంటసేపు పాటలా నడిచేది. ముసలాయన తీసుకెళ్ళేవాడు, మధ్యాహ్నానికి తెడ్లు వేసుకుంటూ తిరిగొచ్చేవాడు. అలా మూడు రోజులు. మూడో రోజు ఆయన తెడ్డు నా కాళ్ళ ముందు పడేసి, "ఇదొక్కటే ఈ పడవలో బాగుంది" అన్నాడు.

షెడ్డు యజమాని లొహ్‌మన్ అప్పుడు కాఫీ కప్పు పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. నాకన్నా ఒక ఏడాది చిన్నవాడు. ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసినా మేమిద్దరం ఇప్పటికీ ఒకరినొకరు "మీరు" అనే అనుకుంటాం, పేరు ముందు "హెర్", అంటే "గారు", తగిలించి.

"హెర్ ప్రసాద్, ఆయన పడవలో మోటారు ఏ ట్యాంకు మీద నడుస్తుంది?"

"ఆయన ట్యాంకు మీద."

"ఇక్కడ పీపాలో?"

"మన ట్యాంకు మీద."

ఆయన కాఫీ తాగుతూ వెళ్ళిపోయాడు. నా చెవులు కాలిపోయాయి. మోటారుకి ఏ జబ్బూ లేదు. జబ్బు ముసలాయన గొట్టంలో ఉంది. ఆ గొట్టాన్ని నేను ఒక్కసారీ తాకలేదు. గొట్టం చివర మోటారుకి తగిలించే కొక్కెం లోపల రబ్బరు రింగు ఉంటుంది. పసిపిల్ల వేలికి కూడా పట్టదు, అంత చిన్నది. అది ఒకచోట తెగి ఉంది. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

కాబట్టి మోటారు తెచ్చినవాడి ట్యాంకూ గొట్టమూ కూడా తెప్పించుకోండి. వాటితోనే నడిపి చూడండి. ఇది పుస్తకంలో ఉంటుంది, నేనూ చదివాను. చదివినది చేతికి రావడానికి మూడు రోజుల సిగ్గు పట్టింది.

ఇంకో సంగతి దాచను. ఆ మూడు రోజులూ నేను పొద్దున్నే మోటారు మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఏ పనైనా అలాగే మొదలుపెడతాను, ఇప్పటికీ అంతే. లొహ్‌మన్ చర్చికి పోయే మనిషి కాదు. నన్ను చూస్తూనే ఉండేవాడు. రింగు దొరికిన సాయంత్రం అడిగాడు.

"మీ దేవుడికి చిల్లు ఎక్కడుందో మొదటిరోజే తెలుసు కదా? అడగకపోయారా?"

"అడిగానండి. మిమ్మల్ని పంపించాడు."

ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. కాఫీ ముక్కులోకి పోయింది.

అది నేను సరదాకి అన్నమాట కాదు, నమ్మే అన్నాను. ప్రార్థన చేసి చేతులు కట్టుకు కూర్చునే విశ్వాసుల్ని నేను చాలామందిని చూశాను, నాకు వాళ్ళమీద పెద్ద గౌరవం లేదు. పడవలో శిష్యులు భయపడితే ప్రభువు లేచి గాలిని గద్దించాడు. గద్దించడం ఆయన పని. గాలి ఎక్కడ దూరుతోందో వెతకడం నా పని. ఆయన పని నేను చెయ్యలేను, నా పని ఆయన మీద పడేస్తే మర్యాద కాదు.

ఆ వారమే నా బల్లమీది గోడకి తెల్లరంగుతో తెలుగులో రాశాను: గాలి శత్రువు. లొహ్‌మన్ చూసి అదేమిటని అడిగాడు. చెప్పాను. "గోడ నాది" అన్నాడు. కానీ తుడిపించలేదు. ఆయన దగ్గర తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

చేతిబంతి చెప్పే మాట

గొట్టం మధ్యలో గుప్పిట్లో పట్టేంత రబ్బరు బంతి ఉంటుంది. మోటారు స్టార్ట్ చేసేముందు దాన్ని నొక్కి నొక్కి పెట్రోలు పైకి పంపుతాం. ఈ బంతి మీతో మాట్లాడుతుంది. డాక్టరు నాడి పట్టుకున్నట్టు దాన్ని పట్టుకోవడం నేర్చుకోండి.

ఎంత నొక్కినా మెత్తగా ఉండి గట్టిపడకపోతే ఎక్కడో గాలి దూరుతోంది. అప్పుడు సబ్బునీళ్ళు కలిపి అతుకులన్నిటికీ రాసి, ట్యాంకువైపు నుంచి కొద్దిగా గాలి పెట్టి చూడండి, బుడగ లేస్తుంది. లేదా గొట్టంలో ఒక జానెడు ముక్క తీసేసి పారదర్శకమైన గొట్టం పెట్టండి, గాలి ముత్యాల్లా వెళ్తూ కనిపిస్తుంది. ఇది కొత్తవాళ్ళకి చూపిస్తే సంబరపడిపోతారు. నేనూ ఇప్పటికీ సంబరపడతాను.

బంతి మెత్తగా కాకుండా, ఎండు ఖర్జూరంలా లోపలికి పీక్కుపోయి అలాగే ఉండిపోతే సంగతి వేరు. చిల్లు లేదు. ట్యాంకు పెట్రోలు వదలడం లేదు.

ఈ రెండో మాట నాకు తెలుసు. కానీ నేర్పేటప్పుడు మొదటి మాట వందసార్లు చెప్పేవాణ్ణి, రెండోది సగం నోటితో చెప్పి ముందుకి పోయేవాణ్ణి. బోధకుల్లోనూ ఇలాంటివాళ్ళుంటారు, ఇష్టమైన వాక్యం మీదే ఏళ్ళకేళ్ళు ప్రసంగం చేస్తారు. దాని ఫలితం ఇప్పుడు చెప్తాను.

సునీత

నేను రిటైరై రెండేళ్ళయింది. వారానికి రెండు పొద్దుటిపూటలు షెడ్డుకి వెళ్తాను. పనేమీ లేదు, కాఫీ కోసం. పోయిన వసంతంలో లొహ్‌మన్ దగ్గర ఆస్‌బిల్డుంగ్‌కి ఒక తెలుగమ్మాయి చేరింది. సునీత, ఇరవయ్యేడేళ్ళు, ఉప్పాడ పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ ఇసకలోనే కూర్చుని ఫైబర్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఈమె బీటెక్ చదివి, హైదరాబాదులో రెండేళ్ళు కంప్యూటర్ మీద బోల్టులు గీసి, "గీసి గీసి విసుగొచ్చిందండీ, ఒక్క బోల్టయినా బిగించాలనిపించింది" అని ఇక్కడికొచ్చింది. కాఫీ తాగుతూ నాకొచ్చింది ఆమెకి నేర్పేవాణ్ణి.

మన సంఘంలో ఆమెని వేళాకోళం చెయ్యనివాళ్ళు లేరు. ఒక ఇంజనీరుగారు అందరి ముందూ అడిగాడు.

"బీటెక్ చదివి పడవ మోటార్లేంటమ్మా? హాయిగా మాస్టర్స్ చేసుకోవచ్చుగా?"

"మీరు చేసే కారు నీళ్ళలో పడితే తీసుకురావడానికి ఎవరో ఒకరు పడవేసుకుని రావాలి కదండీ."

గోదావరి జిల్లా మర్యాద ఆమెకి నిలువెల్లా ఉంది. ఏం చెప్పినా "ఆయ్" అంటుంది. జర్మన్‌లో ఆ మాటకి గుడ్డు అని అర్థం. మొదటివారం లొహ్‌మన్ నన్ను పక్కకి పిలిచి, "నేను నేల ఊడవమంటే గుడ్డు అంటుంది. పానాలు సర్దమంటే గుడ్డు అంటుంది. ఆకలేస్తోందా ఆమెకి?" అని అడిగాడు. అది మా వైపు 'అలాగేనండి' అనడమని చెప్పాను. ఆయన, "మంచి మాట. పొట్టిగా ఉంది" అన్నాడు.

కానీ నవ్వులాట కాని సంగతి ఒకటుంది. మొదటి నాలుగు నెలలూ ప్రోబెట్సైట్, అంటే పరీక్షాకాలం. ఆ లోపల యజమాని ఏ కారణమూ చెప్పకుండా "రేపట్నించి రావద్దు" అనొచ్చు. అలా అంటే ఆమె చదువు పోతుంది, చదువు మీదున్న వీసా పోతుంది, ఉప్పాడ టికెట్టు కొనుక్కోవాలి. లొహ్‌మన్ అంతకుముందు ఇద్దరిని అలా పంపించాడు. ఇద్దరినీ మూడో నెలలోనే.

సునీత అద్దెకున్న గది ఫ్రౌ బేరెన్స్ అనే ఒక పెద్దావిడ ఇంట్లో. ఈ దేశంలో అద్దెకున్న ప్రతి తెలుగువాడికీ తెలిసిన గొడవే అక్కడా ఉంది. పొద్దున్నే తలుపు కొట్టి "లూఫ్టెన్!" అంటుంది ముసలావిడ. కిటికీలు బార్లా తెరిచి గదిలోకి గాలి రానియ్యమని. ఒకరోజు మా ఇంట్లో భోజనానికి కూర్చుని సునీత చెప్పుకుంది.

"ఈ చలికి కిటికీ తియ్యమంటుందంకుల్. నేను దాని కింది సందులో తువ్వాలు కూడా కుక్కి మూశాను, గాలి రాకుండా. గోడకి బూజు పడుతుందంట. నా మీద కక్షండి ఆవిడకి."

"కక్ష కాదే. గదికి ఊపిరాడొద్దూ?" అంది సుగుణ, ఆమె పళ్ళెంలో పప్పు వడ్డిస్తూ.

నేను సునీత పక్షం వహించాను. "ఆవిడ మాట వదిలెయ్. గాలి శత్రువు" అన్నాను. అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

నీళ్ళ మీద ఆరాధన

మా దగ్గర హాఫెల్ ఒకచోట చెరువంత వెడల్పవుతుంది. ఏటా వేసవిలో ఒక ఆదివారం పక్క ఊరి చర్చివాళ్ళు అక్కడ నీళ్ళమీద ఆరాధన పెడతారు. జనం పడవలేసుకుని గుండ్రంగా చేరతారు. నడుమ పాస్టరమ్మగారి పడవ. ఇంకో పడవలో బాకాలూదే బృందం. ప్రభువు పడవలోంచి మాట్లాడితే ఒడ్డున ఇసకలో కూర్చుని విన్నవాళ్ళు ఎలా ఉండేవారో నాకు ఆ రోజే బాగా తెలుస్తుంది.

అంతకుముందు ఏడు పాస్టరమ్మగారి మోటారు ప్రసంగం మధ్యలో ఆగిపోయింది. గాలికి పడవ నెమ్మదిగా కొట్టుకుపోయి రెల్లుపొదల్లో దూరింది. ఆవిడ ప్రసంగం ఆపలేదు, గొంతు మాత్రం దూరమైంది. జనం చివరి ఆమేను అంచనా మీద చెప్పారు.

ఈ ఏడు ఆ మోటారుని లొహ్‌మన్ సునీత చేతికిచ్చాడు. ఆమె పరీక్షాకాలం సరిగ్గా ఆ వారంతో అయిపోతుంది.

"ఆదివారం మోటారు నడిస్తే సోమవారం మాట్లాడదాం" అన్నాడు.

"నడవకపోతేనండీ?"

"అప్పుడూ సోమవారమే మాట్లాడదాం."

ఆమె ముఖంలో రక్తం లేదు. కానీ పని చూడాలి ఆ పిల్లది! పాస్టరమ్మగారి సొంత ట్యాంకు, సొంత గొట్టం తెప్పించింది. నేను అడక్కుండానే. బంతి నొక్కింది, మెత్తగా ఉంది. సబ్బునీళ్ళు రాసింది. గొట్టాన్ని బిగించే పట్టీ కింద, పట్టీ దాచేసిన చోట, వెంట్రుకంత పగులు. అక్కడ ఒక్కటే ఒక్క బుడగ లేచింది. "అంకుల్!" అని అరిచింది. నేను ఆ బుడగని చూసి, నా సొంత మనవరాలు నడవడం చూసినంత సంతోషించాను. కొత్త గొట్టం వేసింది, రింగులు మార్చింది, పట్టీలు మార్చింది. రేవులో కట్టేసి ముప్పావుగంట నడిపింది. మోటారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆదివారం పొద్దున వోల్ఫ్స్‌బర్గ్ నుంచి మన సంఘంవాళ్ళు పదిమంది వచ్చారు, మమ్మల్ని ఒక తెలుగు పాట పాడమని పాస్టరమ్మగారు పిలిచారు. నేను పాటల కాయితాలు పంచుతున్నాను. సునీత పడవలో వంగి, ఒక్కో మరా ఒక్కో పట్టీ మళ్ళీ బిగిస్తోంది. "గాలి శత్రువు, గాలి శత్రువు" అని జపంలా అనుకుంటోంది.

"అన్నీ బిగించావా అమ్మా?"

"ఆయ్. ఒక్కటీ వదల్లేదండి."

"శభాష్" అన్నాను. కాయితాల మీంచి తల కూడా ఎత్తలేదు.

పాస్టరమ్మగారి పడవలో నలుగురం ఎక్కాం. ఆవిడ, నేను, సుగుణ, మోటారు దగ్గర సునీత. లొహ్‌మన్ తన పడవలో ఒక్కడే కాస్త ఎడంగా. ఆయన ఆరాధనకి రాలేదు, మోటారు చూడ్డానికొచ్చాడు.

బాకాలు మొదటి కీర్తన ఎత్తుకున్నాయి. మేం వలయం నడిమికి చేరబోతున్నాం. మోటారు గొంతు సన్నబడింది. ఒకసారి దగ్గింది. ఇంకోసారి. ఆగిపోయింది.

నీళ్ళు పడవ పక్కల్ని మెల్లగా తడుతున్నాయి. రెల్లుపొదలవైపు గాలి వీస్తోంది.

"పోయినేడూ ఇక్కడే!" అంది పాస్టరమ్మగారు, సంతోషంగానే. "ఈసారి గట్టిగా మాట్లాడతాను."

లొహ్‌మన్ తన మోటారు ఆపేసి మావైపే చూస్తున్నాడు. మన సంఘం పడవలోంచి ఆ ఇంజనీరుగారు చెయ్యూపాడు. సునీత నావైపు చూసింది. నాకు ఆ చూపు ఇంకా గుర్తుంది. ఉప్పాడ టికెట్టు ఆ కళ్ళలో కనిపించింది.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇలాంటివి రాయకపోతే ఈ రాతెందుకు? "గొట్టమే! ఎక్కడో గాలి దూరింది!" అని వంగి అతుకులు తడమడం మొదలెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఒకే తలుపు తట్టింది.

సునీత తాడు లాగలేదు. అది గమనించండి. బంతి పట్టుకుంది. అది ఎండు ఖర్జూరంలా పీక్కుపోయి ఉంది.

"మెత్తగా లేదంకుల్. పీక్కుపోయింది."

ఆమె ట్యాంకు మీద చెయ్యి వేసింది. ఎర్ర ట్యాంకు రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి ఉంది, ఉపవాసమున్న కడుపులా. ఆమె దానివంక చూసింది, మూతవంక చూసింది. మూత నడిమి మీద చిన్న మర ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గినకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా, ఆ గాలి వచ్చే దారి అదే. నడిపేటప్పుడు అది తెరిచి ఉండాలి. ఉప్పాడ పడవల్లో పెట్రోలు డబ్బాకి మూత బదులు గుడ్డ కుక్కుతారు, గుడ్డలోంచి గాలి దానంతటదే వస్తుంది. ఇలాంటి మర ఆమె అక్కడ చూసి ఉండదు. రేవులో నడిపిన రోజు అది తెరిచే ఉంది, ఆమె పట్టించుకోలేదు. ఈ పొద్దున అన్నిటితో పాటు దాన్నీ బిగించేసింది. ఒక్కటీ వదల్లేదు మరి.

సునీత నోరు తెరిచింది. "అయ్యో దేవుడా, లూఫ్టెన్! అంకుల్, ట్యాంకుకి కిటికీ మూసేశానండీ!"

మర తిప్పింది. ట్యాంకు హుస్సుమని ఊపిరి పీల్చింది. పీల్చి, పక్కలు రెండూ టప్పున బయటికొచ్చాయి. ఆ చప్పుడు ఎంత పెద్దదంటే ఒక బాకా అపస్వరం పలికింది. బంతి ఆమె చేతిలో నిండింది. నాలుగుసార్లు నొక్కింది, గట్టిపడింది. రెండోసారి తాడు లాగేసరికి మోటారు అందుకుంది. రెల్లు మా తెడ్లకి తగులుతోంది అప్పటికి. బాకాలు ఇంకా మొదటి కీర్తన మొదటి చరణంలోనే ఉన్నాయి.

"ఊపిరి పోసుకుంది!" అంది పాస్టరమ్మగారు. ఆ రోజు ప్రసంగం రాసుకొచ్చినది పక్కన పెట్టి, మట్టిమనిషి ముక్కులో దేవుడు ఊదిన సంగతి మీద మాట్లాడింది. నేను తలొంచుకు విన్నాను. సృష్టిలో మనిషికి మొదట ఇచ్చిన దానం గాలి. దాన్ని శత్రువని గోడకి రాసి ముప్పై ఏళ్ళు దాని కింద ప్రార్థన చేసినవాణ్ణి నేను.

సుగుణ నా చెవిలో, "గదికి ఊపిరాడాలంటే నవ్వారు కదా ఇద్దరూ" అంది.

సోమవారం

ఒడ్డుకి రాగానే లొహ్‌మన్ రేవు చెక్కల మీద నిలబడి ఉన్నాడు. సునీత పడవ కట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, తిన్నగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది. జర్మన్‌లో, తప్పుల్లేకుండా చెప్పింది.

"తప్పు నాది. ట్యాంకు మూత మీది మర నేనే బిగించాను."

"ఎందుకు?"

ఆమె మాట్లాడలేదు. నావైపు చూడలేదు కూడా. చూసినా బాగుండేదేమో.

నిజం చెప్తాను, ఒక్క క్షణం నేనూ మాట్లాడలేదు. ఆదివారం బడిలో పిల్లలకి ఒప్పుకోలు గురించి ఇరవై ఏళ్ళు నేర్పాను. ఎదురుగా రేవు చెక్కల మీద అది నాలుగడుగుల దూరం. సుగుణ మోచేత్తో పొడిచింది.

"నేను నేర్పాను" అన్నాను. "గాలి శత్రువని. వందసార్లు. ఎక్కడ శత్రువో, ఎక్కడ కాదో చెప్పలేదు. మీ గోడ మీదే ఉంది సాక్ష్యం."

"ఆ రాత అబద్ధమా?"

"సగం నిజం."

"సగం నిజాన్ని ముప్పై ఏళ్ళు నా గోడ మీద ఉంచానా నేను?" లొహ్‌మన్ నావైపు తిరిగాడు. "హెర్ ప్రసాద్, ఈమెకి తప్పు కనుక్కోవడానికి ఎంతసేపు పట్టింది?"

"ఒక చరణం."

"ఈల్ ముసలాయన మోటారుకి మీకు?"

"మూడు రోజులు."

"అప్పుడు ట్యాంకు సంగతి మీకు నేను గుర్తుచేశాను. ఈమెకి ఎవరు చెప్పారు?"

"ఫ్రౌ బేరెన్స్" అంది సునీత. "నేనుండే ఇంటావిడ."

ఆయన ముఖం కదల్లేదు. ఇలాంటప్పుడు ఆయన ముఖం కదలదు. నా గుండె మాత్రం ఆ ట్యాంకులా రెండు పక్కలా నొక్కుకుపోయి ఉంది. తను చేసిన తప్పుని తనే పట్టుకుని, తనే ఒప్పుకునే మనిషి మెకానిక్‌గా ఎంత అరుదో ఆయనకి తెలుసు. తెలుసని నాకు తెలుసు. అయినా ఆయన నోటివెంట వినాలి కదా.

"రేపు ఏడింటికి" అన్నాడు సునీతతో. "తెల్లరంగు డబ్బా తీసుకురా. సన్నటి కుంచె కూడా. గోడ సరిచెయ్యాలి. అది అయ్యాక మూలనున్న ఆ మూడు మోటార్లు. అవి శీతాకాలం దాకా సరిపోతాయి నీకు."

శీతాకాలం దాకా. ఆ మాట ఆమెకి ఒక క్షణం తర్వాత అర్థమైంది. సుగుణకి ముందే అర్థమై కళ్ళు తుడుచుకుంటోంది. వెనక మన సంఘం పడవలోంచి ఆ ఇంజనీరుగారు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత పులిహోర దగ్గర, తన కారు బ్యాటరీ సంగతి ఆమెనే అడిగాడు.

సోమవారం నేను వెళ్ళే రోజు కాదు, అయినా వెళ్ళాను. ఏడింటికి సునీత నిచ్చెన మీద ఉంది. ఫ్రౌ బేరెన్స్ పొద్దున తలుపు కొట్టేసరికి గది కిటికీలన్నీ తెరిచి ఉన్నాయట. ముసలావిడ ఏం చెయ్యాలో తోచక "గుటెన్ మోర్గెన్" అని శుభోదయం చెప్పి వెళ్ళిపోయిందట.

నా పాత అక్షరాలు ఆమె చెరపలేదు. వాటి కింద, నాకన్నా గుండ్రటి చేతిరాతతో ఇంకో వరస రాసింది. ఇప్పుడు ఆ గోడ మీద ఇలా ఉంటుంది:

గాలి శత్రువు.
ట్యాంకుకు తప్ప.

లొహ్‌మన్ కాఫీ కప్పుతో వచ్చి వెనక నిలబడ్డాడు. చదవమన్నాడు, ఆమె చదివింది. అర్థం చెప్పమన్నాడు, చెప్పింది.

"ఇప్పుడు పూర్తి నిజమేనా?"

"ఆయ్" అంది సునీత నిచ్చెన మీంచి.

ఆయన రెండు వరసలూ ఇంకోసారి చూశాడు, చదవడం వచ్చినట్టే.

"ఆయ్" అన్నాడు.